ప్లీడరు గారింట్లో ఐదు కుక్కర్లు

ఆయన పోయి మూడు తరాలు దాటింది. అయినా ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

శని, ఆదివారాల్లో హామిల్టన్‌లోని ఆయన ఇంటి తాళం తీసేది నేనే. తలుపు తీయగానే ఎదురుగా నిలువెత్తు పటం కనిపిస్తుంది. నల్ల గౌను, తెల్ల బ్యాండు, చేతిలో చుట్టిన కాగితం, పైకెత్తిన గడ్డం. నల్లగొండ కోర్టులో మా సీనియర్ కూడా కేసు గెలిచిన రోజు అలాగే గడ్డం ఎత్తి బయటికి వచ్చేవారు. కానీ టీ తాగేసరికి దించేసేవారు. ఈయన చచ్చినా దించలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన ఆ ఊళ్ళో పేరుమోసిన లాయరు. తర్వాత సిటీ కౌన్సిల్‌లో, ఆపైన ప్రొవిన్స్ శాసనసభలో కూర్చున్న నాయకుడు. ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడొక చిన్న మ్యూజియం. నేను అందులో పార్ట్‌టైమ్ గైడ్‌ని. వచ్చినవాళ్ళకు గదులన్నీ తిప్పి ఆయన గొప్పతనం చెప్పాలి, వాళ్ళు పోయాక దుమ్ము దులపాలి.

నేనూ ప్లీడర్నే. నల్లగొండలో భూమి తగాదాలు, భాగ పంపకాల కేసులు చూసేదాన్ని. కెనడాలో నా నల్లకోటు చెల్లదు కాబట్టి ఆఫీసు అడ్మినిస్ట్రేషన్ అనే డిప్లొమాలో చేరి వచ్చాను. ఆ రోజుల్లో విమానం దిగిన ప్రతి తెలుగు పిల్లా పిల్లాడూ స్టూడెంటే. కాలేజీలో కుర్చీలు చాలక సినిమా హాలు అద్దెకు తీసుకుని క్లాసులు చెప్పారు. మ్యూజియం మేనేజర్ రిటైరైన స్కూల్ టీచరు, నా ఇంగ్లీషు శుభ్రంగా ఉందని ఉద్యోగం ఇచ్చింది. ఆ ఇంగ్లీషుతో ప్రశ్నలు కూడా అడుగుతానని ఆవిడ అనుకోలేదు.

ఆయన కథ కింది గదిలో మొదలవుతుంది. ఎక్కడో రాళ్ళ పొలంలో పుట్టి, లా చదవడానికి ఒంటరిగా ఊళ్ళోకి వచ్చాడు. స్టీలు మిల్లు గేటు దగ్గర ఒక ఐరిష్ విధవరాలు ఇంట్లో మనుషుల్ని అద్దెకు పెట్టుకుని అన్నం పెట్టేది. ఈయన అక్కడే చేరాడు. మిగతావాళ్ళంతా మిల్లు కూలీలు, ఒక్కొక్కరిది ఒక్కో దేశం. ఒక పొడవాటి బల్ల, ఒక పెద్ద ఇనప కుండ. అందులో ఏది ఉడికితే అది అందరికీ.

ఆ వీధిలోని పెద్దమనుషులకు ఇది నచ్చలేదు. అనుమతి లేకుండా సత్రం నడుపుతోందని ఆమె మీద కేసు పెట్టించారు. అప్పుడే లాయరైన ఈయన ఆమె తరఫున నిలబడ్డాడు. ఒకే కుండలో వండుకుని, ఒకే బల్ల దగ్గర తిని, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు మేలుకునే ఇల్లు సత్రం కాదని, రక్తసంబంధం లేకపోయినా అది ఒక సంసారమేనని వాదించాడు. జడ్జి ఒప్పుకున్నాడు. ఆయన గెలిచిన మొదటి కేసు అది. పేపరు వార్తను చట్రం కట్టి గోడకు తగిలించారు. పక్కనే ఆ ఇంటి అరుగు మీద విధవరాలు, కూలీలు, చివర్లో మన కుర్ర ప్లీడరు నిలబడిన ఫోటో.

ఆ గదిలో నాకు ఆయన మీద ఏ కోపమూ లేదు. పైగా ఈర్ష్య. మా కోర్టులో కూడా భాగం పంచుకున్నారా లేదా అని తేల్చాలంటే సాక్షిని మొదట అడిగే ప్రశ్న అదే. అన్నదమ్ములు ఒక పొయ్యి మీద వండుకుంటున్నారా, వేరు కుంపట్లు పెట్టుకున్నారా? ఆ ప్రశ్న నేను బోనులో ఉన్న ఎందరో ముసలివాళ్ళను అడిగాను. సముద్రానికి అవతల ఒక కుర్రాడు అదే ప్రశ్నతో కేసు గెలిచాడంటే ముచ్చటేసింది.

తర్వాత మెట్లెక్కాలి. పై గదిలో ఆయన పెద్దవాడైపోయాడు. మిల్లు మేనేజరు కూతుర్ని చేసుకున్నాడు, కొండ మీద ఇల్లు కట్టాడు, కౌన్సిల్‌కు నెగ్గాడు. నెగ్గాక ఊళ్ళో ఒక రూలు తెచ్చాడు. చుట్టాలు కానివాళ్ళు ఒక ఇంట్లో ఉండాలంటే అనుమతి కావాలి. ఇన్‌స్పెక్టరు ఎప్పుడైనా లోపలికి వచ్చి మంచాలు, పొయ్యిలు లెక్కపెట్టవచ్చు. శాసనసభకు వెళ్ళాక ఇంకా గొంతు పెంచాడు. అన్నం తిని బతికే ఆసియా జనం రొట్టె, మాంసం తినేవాళ్ళ కూలి తగ్గిస్తారనీ, వాళ్ళు ఈ దేశానికి పనికిరారనీ ఆయన చేసిన ప్రసంగం గాజు కింద ఉండేది. నేను అన్నం తిని వచ్చి, ఆ గాజు తుడిచి, అది గొప్ప ప్రసంగమని చెప్పేదాన్ని.

ఒక ఆదివారం దుమ్ము దులుపుతుంటే పై గదిలో ఇంకో ఫోటో మీద చూపు నిలిచింది. ఒక ఇంటి తలుపుకు, ఆ ఇల్లు మూసేసినట్టు, ఇన్‌స్పెక్టరు పలక కొడుతున్నాడు. ఊరు శుభ్రపరచడం మొదలైన రోజు అని కింద రాశారు. తలుపు పక్క కిటికీకి పైన అర్ధచంద్రాకారపు అద్దం, అందులో ఒక ముక్క పగిలి ఉంది. నేను గబగబా కిందికి దిగి విధవరాలి ఫోటో చూశాను. అదే కిటికీ, అదే పగులు.

ఆయన రూలు కింద మొదట మూసిన ఇల్లు ఆయనకు అన్నం పెట్టిన ఇల్లే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మనం ఊరికే అంటాం. ఈ మహానుభావుడు లెక్కపెట్టడానికి జీతమిచ్చి మనిషినే పెట్టాడు.

మేనేజర్‌ను అడిగాను. ఆవిడేం తడబడలేదు.

"అవును, అదే ఇల్లు. కానీ అవి రెండు వేర్వేరు గదులు. మనం రెండు కథలూ కలిపి చెప్పం."

"తర్వాత ఆవిడ ఏమైంది?"

"తెలియదు. ఇది ఆయన మ్యూజియం కదా."

ఆ రోజు నుంచి నాకు ఆ పటం మీద పగ పట్టుకుంది. బతికున్నవాడి మీద పగ పడితే ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడి తిట్టవచ్చు. పటాన్ని ఏం చేస్తాం? తుడిచాను, అంతే.

ఇక మా ఇంటి సంగతి. కాలేజీకి దగ్గర్లో ఒక పాత ఇటుక ఇంట్లో మేం ఆరుగురం ఆడపిల్లలం అద్దెకుండేవాళ్ళం. ఇంటి ఓనరు మిల్టన్‌లో ఉంటాడు, ఫోన్లో తప్ప కనిపించడు. నాది నల్లగొండ. మిగతావాళ్ళు గుంటూరు, కడప, ఖమ్మం, సిద్దిపేట, విజయనగరం. అందరిలో పెద్దదాన్ని కాబట్టి నన్ను అక్కా అనేవాళ్ళు. ఆ పిలుపులో గౌరవం పాలు తక్కువ, నేరారోపణ పాలు ఎక్కువ.

ఆరుగురికీ ఆరు ప్రెషర్ కుక్కర్లు. ఏ తల్లీ కూతురి సూట్‌కేసులో కుక్కర్ పెట్టకుండా విమానం ఎక్కించలేదు. పిడికి ఒక్కొక్కరిది ఒక్కో రంగు దారం. స్టవ్ మీద పొయ్యిలు నాలుగే. పొద్దున్నే మొదటి విజిల్ ఎవరిదనే దగ్గర మొదలైన గొడవ సాయంత్రం సింకులో గిన్నె ఎవరిదనే దగ్గరికి చేరేది. గుంటూరు అమ్మాయి కారం చూసి విజయనగరం అమ్మాయి దగ్గేది. ఖమ్మం అమ్మాయి శనివారం నీచు ముట్టదు, సిద్దిపేట అమ్మాయికి శనివారమే చేపలు కావాలి. కడప అమ్మాయి చెనిక్కాయల పొడి డబ్బాకు తాళం వేసుకునేది. ఒకరంటే ఒకరికి పడదు. అద్దె తక్కువని కలిశాం, పొయ్యి వేరని బతికాం.

మాకు మూడిళ్ళ అవతల ఒక తెలుగు అంకుల్ ఉండేవాడు. ఇరవై ఏళ్ళ క్రితం జెర్సీకి సాఫ్ట్‌వేర్ మీద వచ్చి, అక్కడ గ్రీన్‌కార్డు రాక ఇటు వచ్చి స్థిరపడ్డాడు. ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద. దీపావళి భోజనాలకు స్కూల్ హాల్లో మైకు పట్టుకుని తన జెర్సీ గెస్ట్‌హౌస్ రోజులు చెప్పాడు. ఒక అపార్ట్‌మెంటులో పదిమంది ఉండేవాళ్ళట. ఒకే డేక్సాలో పప్పు, ఉద్యోగం ఉన్నవాడు లేనివాడికి పెట్టడం, నేల మీద వరసగా పడకలు. చెప్తూ చెప్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నాకైతే కళ్ళు కూడా చెమ్మగిల్లాయి, ఇప్పుడు తలచుకుంటే ఆ చెమ్మ మీదే కోపం.

చలి ముదిరాక ఒకసారి ఆయన మా వరండాలో నిలబడి చెప్పులూ బూట్లూ చూశాడు.

"ఏమ్మా, ఇవన్నీ లోపల పెట్టుకోవచ్చు కదా? వీధంతా చూస్తంది. మీ స్టూడెంట్స్ వల్ల మొత్తం మనోళ్ళ పేరు పోతోంది."

బూట్లు లోపల పెట్టాం. వారం తిరక్కుండా ఓనరుకు సిటీ నుంచి నోటీసు వచ్చింది. ఇంటిని గదుల లెక్కన వేర్వేరు మనుషులకు అద్దెకిస్తే దానికి లైసెన్సు కావాలి, లేకపోతే ఖాళీ చేయించాలి. అందరూ కలిసి ఒక సంసారంగా ఉంటున్నారంటే పర్వాలేదు. ఏదో తేల్చడానికి రెండు వారాల్లో ఇన్‌స్పెక్టర్ వస్తుంది. ప్లీడరు గారి రూలును మధ్యలో ఎన్నిసార్లు మార్చారో తెలియదు గాని, ప్రశ్న మాత్రం పాతదే.

జనవరి నడుస్తోంది. బస్టాపులో నిలబడితే కనురెప్పలు అతుక్కునే చలి. ఊళ్ళో గది దొరకడం లేదు. మా క్లాసులో ఇద్దరు ఒకే మంచాన్ని వంతులవారీగా వాడుకుంటున్నారు. ఓనరు ఫోన్ చేసి, ఇన్‌స్పెక్టర్ కాదంటే ఆ నెలాఖరుకే సామాన్లు తీసేయమన్నాడు. కంప్లైంట్ మూడిళ్ళ అవతలి అంకుల్ నుంచే వెళ్ళిందని కూడా చెప్పాడు.

నేను అంకుల్ ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురు తలుపు తీసి, నన్ను పైనుంచి కిందికి చూసి, "డాడ్, సమ్‌బడీ ఫర్ యూ" అని అరిచి వెళ్ళిపోయింది. ఆయన నన్ను కూర్చోమనలేదు.

"అంకుల్, కంప్లైంట్ వాపస్ తీసుకోండి. ఈ చలిల మేం ఆరుగురం యాడికి పోతాం?"

"పర్సనల్ ఏం లేదమ్మా. ఇక్కడ రూల్ అంటే రూల్. మేం ఇరవై ఏళ్ళు కష్టపడి కొనుక్కున్న ఇళ్ళు. రేపు అమ్మాలంటే ఎవడు కొంటాడు?"

"మేం ఒక్క ఇంటోళ్ళ లెక్కనే ఉంటున్నం అంకుల్."

ఆయన నవ్వాడు.

"నాకా చెప్తున్నావు? రోజూ పొద్దున మీ ఇంట్లో విజిళ్ళు నాకు వినపడవా? ఇన్‌స్పెక్టర్‌కి నేనే చెప్పా. మంచాలు చూస్తే ఏం తెలీదండీ, కుక్కర్లు లెక్కపెట్టండి అని. మనోళ్ళు ఎన్ని కుక్కర్లుంటే అన్ని కాపురాలు. తెల్లోళ్ళకేం తెలుసు ఇవన్నీ?"

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఆ గుట్టు చెప్పగలిగినవాడు ఆ వీధి మొత్తంలో ఆయన ఒక్కడే, ఆయనే చెప్పాడు. అంతవరకు ఆయన మీద ఉన్నది చిరాకు. ఆ గుమ్మంలో అది అసహ్యమైంది.

"జెర్సీల మీరు పదిమంది ఉన్నరు గదా అంకుల్. ఆనాడు ఎవరన్న లెక్కపెట్టిన్రా?"

"అప్పుడు వేరమ్మా" అని తలుపు వేసేశాడు.

ఆ మాట నేను శని, ఆదివారాలు ఇంకోలా వింటూనే ఉన్నాను. అవి వేర్వేరు గదులు.

ఇంటికి వచ్చి ఐదుగురినీ కూర్చోబెట్టాను. ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు కుక్కర్లు దాచేద్దామని సిద్దిపేట అమ్మాయి అంది. నాలోని ప్లీడరు ఒప్పుకోలేదు. దొంగ సాక్ష్యం పెడితే మొదటి క్రాస్ ప్రశ్నకే విరుగుతుందని నాకు తెలుసు.

"దాచుడు కాదు. రేపటి సంది ఒక్కటే కుక్కర్. నిజంగనే ఒక్కటే. అందరం అదే తినాలె. వచ్చినామె ఏం అడిగినా నిజమే చెప్తం."

"ఎవరిది ఉంచుతావక్కా?" అంది గుంటూరు అమ్మాయి.

"కడప దాన్ది. అది పెద్దది."

"నాది మా అమ్మ కొని పెట్టింది. పొయ్యి ఎక్కకుండా ఉంటే నేనొప్పుకోను."

"రోడ్డు మీద ఎక్కిస్తవా పొయ్యి?"

ఆ ఐదు కుక్కర్లూ ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు ఆగరని తెలుసు. నాదీ కలిపి పెద్ద సంచిలో వేసుకుని, శనివారం బస్సులో మ్యూజియానికి తీసుకెళ్ళాను. వంటగది వెనకాల చీకటి సామాన్ల గది ఉంది. పాత పీపాలు, ఇనప బాణలి, రొట్టె కాల్చే పెనాలు. ఊడ్చడానికి నేను తప్ప అందులోకి ఎవరూ రారు. పీపాల వెనక కుక్కర్లు వరసగా పెట్టి తలుపు వేశాను. వెళ్తూ పటం వంక చూసి, "ఉంచు, మళ్ళొస్త" అన్నాను.

ఆ రెండు వారాలు నరకం. ఒక్క పొయ్యి అనగానే ప్రేమలు పుడతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. పప్పులో చింతపండు ఎక్కువైందని ఒకరు, చారులో బెల్లం వేశారని ఇంకొకరు. గుంటూరు అమ్మాయి మొదటిరోజు అలిగి బ్రెడ్ తింది. రెండోరోజు నేను పోపు పెడుతుంటే గరిటె లాక్కుంది.

"ఆవాలు చిటపటలాడకముందే ఎండుమిరపకాయ వేస్తారా ఎవరైనా? జరుగు."

జరిగాను. అప్పటినుంచి పోపు ఆమెది, గిన్నెలు నావి. నాకు కోపం వచ్చింది గాని, పప్పు బాగుంది. ఖమ్మం అమ్మాయి పనినుంచి ఆలస్యంగా వచ్చేది కాబట్టి ఆమె వాటా మూతపెట్టి ఉంచాల్సి వచ్చేది. ఉంచినవాళ్ళు సణిగేవాళ్ళు, చల్లారిందని ఆమె సణిగేది. కడప అమ్మాయి తన కుక్కర్ అడుగంటిందని రోజూ పంచాయితీ పెట్టేది. చివరికి చెనిక్కాయల పొడి డబ్బాకు తాళం తీసింది. అది మా మీద జాలితో కాదు, తాళంచెవి పారేసుకుంది.

ఇన్‌స్పెక్టర్ శనివారం వచ్చింది. మ్యూజియానికి సెలవు పెట్టాను. నడివయసు మనిషి, మంచు బూట్లు గుమ్మంలోనే విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చింది. కిటికీలోంచి చూస్తే అంకుల్ ఎప్పుడో ఎత్తేసిన మంచునే పారతో మళ్ళీ ఎత్తుతున్నాడు.

ఆవిడ గదుల తలుపులకు తాళాలున్నాయా చూసింది. ఫ్రిజ్ తెరిచింది. అలమారలన్నీ తెరిచింది. స్టవ్ మీద ఒకే కుక్కర్, అందులో పప్పు. పక్కన ఒక పెద్ద గిన్నెలో అన్నం.

"ఏం వండాలో ఎవరు నిర్ణయిస్తారు?" అని అడిగింది.

ఆరుగురం ఒకేసారి నోరు తెరిచాం. నేనే అని నేను, ఎప్పుడూ ఆమే అని విజయనగరం అమ్మాయి, ఆమె చెప్తే వినేదెవరని సిద్దిపేట అమ్మాయి. ఇంగ్లీషులో మొదలై తెలుగులోకి జారింది. నిన్నటి చేపల పులుసు, మొన్న కడగని గిన్నె, పోయిన వారం వంతు తప్పించుకున్నది ఎవరు, అన్నీ బయటికి వచ్చాయి. నేను ఊరుకోమని సైగ చేస్తుండగానే గుంటూరు అమ్మాయి నావైపు వేలు చూపిస్తూ ఇంగ్లీషులో అనేసింది.

"ఈమె నా కుక్కర్ తీసుకుపోయి దాచేసింది."

అయిపోయింది అనుకున్నాను. మా ఆరుగురి సామాన్లూ మంచులో కనిపించాయి నాకు.

"ఇంకా కుక్కర్లు ఉన్నాయా?" అంది ఇన్‌స్పెక్టర్. నోట్ చేసుకోవడం ఆపింది.

"ఉన్నాయి" అన్నాను. "ఆరు ఉండేవి. మీ నోటీసు వచ్చాక ఐదు బయటికి పంపాను. రెండు వారాల నుంచి ఒకదాంట్లోనే వండుకుంటున్నాం. అందుకే వీళ్ళందరికీ నా మీద కోపం."

ఆవిడ గుంటూరు అమ్మాయి వైపు తిరిగింది.

"ఇంట్లో ఉండొచ్చని నేను రాస్తే, నువ్వు వెళ్ళి నీ కుక్కర్ తెచ్చుకుంటావా?"

బోనులో సాక్షిని ఇంతకంటే సూటిగా నేనెప్పుడూ అడగలేదు. ఆ పిల్ల నావైపు చూసింది, కుక్కర్ వైపు చూసింది.

"తెచ్చుకుని? ఈమెకు పోపు మాడ్చడం తప్ప ఏమీ రాదు. నేను వేరే వండుకుంటే వీళ్ళేం తింటారు?"

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీసి ఏదో రాసి, తనకు నలుగురు అక్కచెల్లెళ్ళు ఉన్నారని, ఇప్పటికీ క్రిస్మస్ బల్ల దగ్గర ఇదే జరుగుతుందని చెప్పింది. ఈ ఇల్లు ఒక సంసారమే అని ఓనరుకు రాసి పంపుతానంది. బూట్లు తొడుక్కుంటూ, వాసన బాగుంది అని కూడా అంది. ఒక గిన్నెలో పప్పు పెట్టివ్వబోతే తీసుకోకూడదని చెప్పి వెళ్ళిపోయింది.

నేను చలికోటు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాను. అంకుల్ పార మీద చేతులు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఎన్ని కుక్కర్లు దొరికినయ్ అని అడగరా అంకుల్? ఒక్కటే. నల్లగొండల నేను ప్లీడర్ని."

"నువ్వు లాయర్‌వని ముందే చెప్పుంటే..." అని ఏదో గొణిగాడు.

"చెప్తే ఏం చేస్తుండె? శాలువా కప్పుతుండెనా?"

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత ఉగాదికి మమ్మల్ని పిలవలేదు. ఆ పచ్చడి కూడా మా వంటింట్లో మేమే చేసుకున్నాం.

కానీ నాకు అసలు కోపం వచ్చింది ఆ సాయంత్రం అన్నాల దగ్గర. అందరూ నవ్వుతున్నారు, ఇన్‌స్పెక్టర్ నడకను అనుకరిస్తున్నారు. మధ్యలో గుంటూరు అమ్మాయి చేయి కడుక్కుంటూ మామూలుగా అంది.

"సరే, కేసు అయిపోయిందిగా. రేపు కుక్కర్ తెచ్చెయ్ అక్కా."

"ఇన్‌స్పెక్టర్ ముందట ఏమన్నవ్?"

"అది ఇన్‌స్పెక్టర్‌కి చెప్పింది. ఊరికే అంటామా ఏంటి, మనకు పని కావాలి కాబట్టి అన్నాం."

మిగతావాళ్ళు తలలూపారు. నాదీ తెచ్చెయ్యక్కా అంది ఖమ్మం అమ్మాయి. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. నాకు ఆ కింది గది, పై గది, మధ్యలో మెట్లు కనిపించాయి. మెట్లు పాతికైనా ఉండవు. ఆయన కూడా ఇలాగే చేయి కడుక్కుని ఎక్కి ఉంటాడు.

"తేను" అన్నాను.

"మా కుక్కర్లు మాకు ఇవ్వకపోవడానికి నువ్వెవరు?"

"తేనంటే తేను. పోలీస్ కంప్లైంట్ ఇచ్చుకో."

అప్పుడే వాళ్ళకు మొదటిసారి విధవరాలి సంగతి చెప్పాను. ఇనప కుండ, పొడవాటి బల్ల, గెలిచిన కేసు, పగిలిన అద్దం, పలక కొట్టిన తలుపు. మంచిగా చెప్పలేదు, తిడుతూ చెప్పాను. ఆయన్ని తిట్టాను, అంకుల్‌ను తిట్టాను, ఎదురుగా కూర్చున్న ఐదుగురినీ తిట్టాను. మీరంటే నాకేమీ ప్రేమ లేదని, కానీ అవసరం కోసం ఒక మాట చెప్పి అవసరం తీరాక దాని మీద మన్ను పోసే పని మాత్రం నా పొయ్యి దగ్గర జరగదని చెప్పాను.

కాసేపటికి గుంటూరు అమ్మాయి అడిగింది.

"మరి ఆవిడ ఏమైంది?"

"తెల్వది. యాడ రాయలే."

ఆమె లేచి ఖమ్మం అమ్మాయి కంచం లాక్కుని, దబ్బున ఇంకో గరిటె అన్నం వేసింది. తిను, రేపటికి మిగిలితే పులిసిపోద్ది అంది. ఆ తర్వాత ఎవరూ కుక్కర్ల మాట ఎత్తలేదు. గొడవలు మాత్రం తగ్గలేదు. చదువు అయ్యి ఒక్కొక్కరం విడిపోయేదాకా ఒకే కుక్కర్ మీద కొట్టుకుంటూనే తిన్నాం.

నాకు విన్నిపెగ్‌లో లా ఆఫీసులో క్లర్కు పని దొరికింది. వెళ్ళే ముందు మ్యూజియం తాళంచెవి మేనేజర్‌కు ఇచ్చేశాను. చివరి రోజు కూడా గదులన్నీ తుడిచాను. సందర్శకులు ఇద్దరొస్తే కింది గది కథ పై గదిలోనూ, పై గది కథ కింది గదిలోనూ చెప్పాను. మేనేజర్ మెట్ల మీద నిలబడి విని కిందికి దిగిపోయింది, మర్నాటి నుంచి నేను ఎలాగూ రాను. సామాన్ల గది మాత్రం ఆవిడకు చెప్పలేదు.

మా కుక్కర్లు ఇంకా అక్కడే ఉన్నాయి, పీపాల వెనక, రంగు దారాలతో. ఐదు. ఐదూ అన్నం తినేవాళ్ళవి, ఐదు వేర్వేరు ఊళ్ళవి, ఒకదానికొకటి చుట్టాలు కావు. ఆయన రాసిన రూలు ప్రకారం ఆ ఇంటి తలుపుకు ఇప్పుడు పలక కొట్టాలి.